అమ్మ పెట్టెలో అమ్మవెన్ని?

కూతురి పురిటికో, కొడుకు గృహప్రవేశానికో, కాశీకో, కేదార్‌నాథ్‌కో... అరవై దాటిన ఆడవాళ్లు ఇప్పుడు బాగానే ప్రయాణాలు చేస్తున్నారు. పెట్టెలూ నిండుగానే వెళ్తున్నాయి. కానీ ఆ పెట్టెల్లో ప్రయాణం చేసే మనిషికి కావలసినవి ఎన్ని ఉంటున్నాయి? సుఖంగా, అందంగా, తేలిగ్గా వెళ్లిరావాలంటే ఏం సర్దుకోవాలి? ఏం మానుకోవాలి?

అమెరికా ప్రయాణం ఇంకా నెల ఉందనగానే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. ఆవకాయ సరిగ్గా ఊరిందో లేదో చూసుకోవాలి. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి సిద్ధం కావాలి. అల్లుడికి ఇష్టమని సున్నుండలు, మనవడికి ఇష్టమని జంతికలు, అమ్మాయి పక్కింట్లో ఉండే తెలుగావిడ నోరు తెరిచి అడిగిందని అప్పడాలు. టైలరు దగ్గర్నుంచి కోడలి బ్లౌజులు రావాలి. పుట్టబోయే బిడ్డకు మెత్తటి పాత చీరలతో బొంతలు కుట్టాలి. అన్నీ అయ్యాక, రాత్రి పదకొండింటికి, అమ్మ తన చీరలు బయటికి తీస్తుంది. అప్పటికే సూట్‌కేసు బరువు 22 కిలోలు! 'నాదేముందిలే, నాలుగు చీరలుంటే చాలు. అక్కడ నేనెక్కడికి వెళ్తాను గనక' అనుకుంటూ మిగతావి మళ్లీ బీరువాలో పెట్టేస్తుంది.

ఆ నాలుగు చీరలతోనే నెలలు గడపాలి. చలి మొదలయ్యాక అల్లుడి స్వెట్టరు, కూతురి సాక్సు, ఎవరివో బూట్లు. ఏవీ సరిగ్గా పట్టవు. పిల్లలు బయటికి బయల్దేరితే 'మీరు వెళ్లిరండమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు. ఇంటి దగ్గర ఉంటాను' అంటుంది. మోకాళ్ల నొప్పులు నిజమే కావచ్చు. కానీ నడవడానికి సరైన చెప్పులు, నలుగురిలోకి వెళ్లడానికి తనకు నచ్చిన బట్టలు, చలి ఆగే కోటు ఉంటే ఆ నొప్పి సగం తగ్గేదేమో! అంత దూరం వెళ్లి, అంత డబ్బు పోసి, కిటికీలోంచి మాత్రమే ఊరు చూసి వచ్చే తల్లులు మన మధ్య ఎందరో ఉన్నారు. దానికి కారణం ఒక్కోసారి పెట్టె సర్దిన తీరే.

అందుకే మొదటి సూత్రం... ముందు మీ సామాను, మిగిలిన చోట్లో ఊరగాయ!

ఒక పెట్టె మీది... ఒక పెట్టె వాళ్లది

అమెరికా వెళ్లే విమానాల్లో టికెట్ తరగతిని బట్టి మనిషికి ఒకటి లేదా రెండు పెద్ద పెట్టెలు, ఒక్కోటి 23 కిలోల చొప్పున అనుమతిస్తుంటారు. చేతి సామాను 7 లేదా 8 కిలోలు. ఈ లెక్క సంస్థను బట్టి మారుతుంది కాబట్టి టికెట్ మీద ఏముందో పిల్లలతో చదివించుకోవాలి. ఖాళీ పెట్టె బరువే మూడు నుంచి ఐదు కిలోలు ఉంటుందని చాలామంది మర్చిపోతారు. కొనేటప్పుడే తేలికైనది చూసుకుంటే ఆ మేరకు లాభం.

రెండు పెట్టెలకు అవకాశం ఉంటే పంపకం సులువు. ఒకటి మీది, ఒకటి పిల్లలది. మీ పెట్టె మూత పడ్డాకే పచ్చళ్ల సంగతి. ఒక్క పెట్టే అయితే సగానికి గీత గీసినట్టు మీ బట్టలు, మందులు ఒక పక్కన పెట్టేసి, మిగతా సగం ఎంత పడితే అంత. కారం, పొడులు, అప్పడాలు ఇప్పుడు తెలుగువాళ్లున్న పెద్ద ఊళ్లన్నిటా భారతీయ దుకాణాల్లో దొరుకుతున్నాయి. మీ కొలతలకు కుట్టిన బ్లౌజు మాత్రం అక్కడ దొరకదు!

ఇంకో చిన్న జాగ్రత్త. మీ బట్టలన్నీ ఒకే పెట్టెలో పెట్టినా, ఒక జత మాత్రం రెండో పెట్టెలో ఉంచండి. విమానం మారేచోట ఒక పెట్టె వెనకబడి రెండు రోజులు ఆలస్యంగా వస్తే అదే ఆదుకుంటుంది.

పరివారం లేదు కదా!

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. పల్లకీలు, డేరాలు, బోయీలు, వంటవాళ్లతో పెద్ద పరివారం వెంట వెళ్లింది. తర్వాతి తరంలో రైళ్లొచ్చాయి. ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, మరచెంబు, టిఫిను క్యారియరు. స్టేషన్లో దిగగానే ఎర్రచొక్కా పోర్టరు వచ్చేవాడు. సూట్‌కేసుకు చక్రాలు అమర్చే ఆలోచనకు అమెరికాలో పేటెంటు వచ్చింది 1972లో. ఇప్పుడు అందరూ లాక్కెళ్తున్న నిలువు పెట్టె, లోపలికి పోయే పొడుగు పిడి... వీటిని 1987లో ఒక విమాన పైలట్ రూపొందించాడు. అంటే మన అమ్మమ్మలకు లేని సౌకర్యం మనకుంది. కానీ వాళ్లకున్న పరివారం మనకు లేదు. మెట్ల దగ్గర, రైలు తలుపు దగ్గర, సామాను తిరిగే బెల్టు దగ్గర పెట్టె ఎత్తాల్సింది మనమే.

కాబట్టి బయల్దేరడానికి వారం ముందే ఒక పరీక్ష పెట్టుకోండి. సర్దిన చేతిపెట్టెను మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, కుర్చీ ఎత్తు వరకు ఒక్కరే లేపగలరేమో చూడండి. లేపలేకపోతే రెండు వస్తువులు తీసేయండి. మళ్లీ చూడండి. ఎముకలు గుల్లబారే వయసులో, నడుం వంచి ఒక్క ఉదుటున బరువెత్తితే యాత్ర మొదలవకముందే ఆస్పత్రి యాత్ర అవుతుంది. పెద్ద పెట్టెల విషయంలో మొహమాటం వద్దు. పక్కన నిలబడ్డ కుర్రాణ్ని 'బాబూ, కాస్త దించి పెడతావా' అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

నాలుగు చక్రాల పెట్టె నున్నటి నేల మీద వేలితో తోస్తే కదులుతుంది. గతుకుల దారిలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద రెండు పెద్ద చక్రాలదే నయం. విమానానికి అది, తీర్థయాత్రకు ఇది. పిడికి ఎర్ర రిబ్బనో, పాత చీర అంచు ముక్కో కట్టుకుంటే బెల్టు మీద వందల నల్లపెట్టెల మధ్య మీది దూరం నుంచే కనిపిస్తుంది.

మూడు రంగులు... పన్నెండు వేషాలు

'తక్కువ సర్దుకుంటే బాగుండదు కదా' అన్నది చాలామంది అనుమానం. నిజానికి బాగుండటానికి బట్టల సంఖ్యతో పని లేదు, పొందికతో పని. ముందుగా మీకు నప్పే మూడు రంగులు ఎంచుకోండి. ఉదాహరణకు ముదురు నీలం, మెరూన్, గోధుమ. తీసుకెళ్లే ప్రతి చీరలో, ప్రతి శాలువాలో వీటిలో ఒక్కటైనా ఉండేలా చూసుకోండి. అప్పుడు ఏది దేని మీదికైనా నప్పుతుంది.

చీరకో బ్లౌజు అన్న నియమం ప్రయాణంలో పక్కన పెట్టేయాలి. ఒక నల్ల బ్లౌజు, ఒక కలంకారీ బ్లౌజు, ఒక లేత బంగారు రంగు బ్లౌజు... ఈ మూడూ ఆరు చీరల మీదికి వస్తాయి. మోచేతుల దాకా చేతులుండేలా కుట్టించుకుంటే చలికీ పనికొస్తుంది, హుందాగానూ ఉంటుంది. బ్లౌజులు కాస్త వదులుగా ఉండాలి. గంటల తరబడి కూర్చున్నాక బిగుతు బ్లౌజు ఊపిరాడనివ్వదు. లోపల కుట్లు వదిలిపెట్టమని టైలరుకు చెప్పండి. ఆర్నెల్లు అక్కడ తిని వచ్చేసరికి ఆ కుట్ల అవసరం పడవచ్చు! లంగాలు రెండో మూడో చాలు. ముదురువి ఒకటి రెండు, లేతది ఒకటి.

ఇక చీరలు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తేనే నిలబడే నూలు చీర ఇంటికి మహరాణి, ప్రయాణానికి భారం. తేలికైన వెంకటగిరి, సన్నంచు మంగళగిరి, మెత్తటి ఉప్పాడ చక్కగా మడతపడతాయి. పోచంపల్లి ఇక్కత్ డిజైన్లలో చిన్న చిన్న ముడతలు, కాఫీ మరకలు కంటికి ఆనవు. క్రేప్, జార్జెట్ చీరలు ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి సిద్ధం, ఇస్త్రీ అక్కర్లేదు. అయితే స్టవ్ దగ్గర సింథటిక్ చీర వద్దు. పురిటికి వెళ్తున్నవాళ్లు వంటింట్లోనే ఎక్కువసేపు ఉంటారు కాబట్టి ఇంట్లోకి నూలువే ఉంచుకోవాలి.

పట్టుచీర ఒక్కటి చాలు. బారసాలకో, గుడికో, ఒక పెళ్లికో. పెద్ద జరీ అంచున్న చీరను ఒకసారి ఇంట్లో కాటా మీద పెట్టి చూడండి, దాని బరువులో తేలిక చీరలు రెండు వచ్చేస్తాయి. అదే చీర మూడు ఫంక్షన్లకు కట్టినా పర్వాలేదు. ఒకసారి ముత్యాల దండ, ఒకసారి ఉన్ని శాలువా, ఒకసారి కలంకారీ బ్లౌజు మారిస్తే ఫొటోలో కొత్తగానే ఉంటుంది. నగల విషయంలో ఒంటి మీద రోజూ ఉండేవే ఉంచుకుని, మిగతావి లాకర్లో పెట్టి వెళ్లడం మేలు. బంగారం పెట్టెలో ఉందంటే ప్రయాణమంతా కళ్లు పెట్టె మీదే!

చీరా? చుడీదారా?

ఈ ప్రశ్న దగ్గర చాలా ఇళ్లలో చిన్నపాటి యుద్ధమే జరుగుతుంది. 'అమ్మా, ఈసారైనా ప్యాంటు, టాపు వేసుకోవే' అని కూతురు. 'ఈ వయసులో ఆ వేషమేంటే, నలుగురూ నవ్వరూ' అని అమ్మ. ఇద్దరి మాటలోనూ నిజముంది. విమానంలో సన్నటి బాత్‌రూములో, ఎస్కలేటర్ మీద, మంచు కరిగి తడిసిన దారిలో ఐదున్నర మీటర్ల చీర సర్దుకోవడం తేలికేం కాదు. అలాగని నలభై ఏళ్లుగా చీర తప్ప కట్టని మనిషికి ప్రయాణం రోజే కొత్త బట్టలు తొడిగితే నడకే తడబడుతుంది.

మధ్యేమార్గం ఉంది. చుడీదార్ వేసుకోవాలని ఉంటే ప్రయాణానికి నెల ముందే కుట్టించుకుని ఇంట్లో వేసుకు తిరగండి. బజారుకు వెళ్లిరండి. మోకాళ్ల కిందికి వచ్చే కుర్తా, నడుము దగ్గర వెడల్పాటి ఎలాస్టిక్, నిటారు ప్యాంటు, ఒక జేబు... ఈ నాలుగూ ఉంటే చాలు. బిగుతు లెగ్గింగులు పెద్ద వయసులో అందరికీ సౌకర్యం కాదు. బాత్‌రూములో త్వరగా విప్పుకోలేని బొందుల ముళ్లు అసలే వద్దు. చీరే ఇష్టమైతే చీరే కట్టుకోండి. కుచ్చిళ్లు చీలమండల పైకి ఉండేలా కట్టి, రెండు పిన్నీసులతో కుదురుగా పెట్టుకుంటే చాలు. చలిదేశమైతే బ్లౌజు కింద పొడుగు చేతుల థర్మల్, లంగా కింద థర్మల్ ప్యాంటు వేసుకోవచ్చు. పైకి ఏమీ కనిపించదు, చలి లోపలికి రాదు. ఒక మందపాటి స్వెట్టరు కంటే పల్చటివి రెండు మూడు పొరలు వేసుకోవడమే నయం. ఇంట్లో హీటరు వేడికి ఒకటి విప్పేయొచ్చు, బయటికెళ్తే తొడుక్కోవచ్చు.

ఏది వేసుకోవాలన్నది మాత్రం వేసుకునే మనిషే తేల్చుకోవాలి. పిల్లలు సలహా ఇవ్వొచ్చు, అక్కడితో ఆగాలి.

పాదాలకు పెద్దపీట

పెట్టెలో అన్నింటికంటే ముందు ఆలోచించాల్సింది చెప్పుల గురించి. చాలామంది అన్నింటికంటే చివర ఆలోచించేదీ వాటి గురించే! గంటల తరబడి కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. ఉదయం సరిపోయిన చెప్పు సాయంత్రానికి బిగుతవుతుంది. అందుకే చెప్పులు సాయంత్రం పూట, కాస్త నడిచొచ్చాక కొనాలి. వేళ్ల దగ్గర వెడల్పుగా, మడమ దగ్గర పట్టీతో, అడుగున పట్టు ఉండేలా చూసుకోవాలి. కొత్త చెప్పులతో ప్రయాణం చేయొద్దు. కనీసం రెండు వారాలు వాడినవే మంచివి.

మన ఆడవాళ్లకు బూట్లతో ఇంకో చిక్కుంది, మెట్టెలు. బిగుతు బూట్లలో అవి పక్క వేళ్లను ఒరుసుకుని పుండు చేస్తాయి. మధుమేహం ఉన్నవాళ్లకు ఆ చిన్న పుండే పెద్ద సమస్య. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే సన్నటి, నున్నటి జత మార్చుకోండి. ముందు భాగం వెడల్పుగా ఉన్న బూట్లు ఎంచుకోండి. బొటనవేలు విడిగా ఉండే సాక్సు దొరుకుతాయి, వాటిని వేసుకుని పట్టీ చెప్పులు తొడుక్కోవచ్చు. మొత్తం మీద రెండు జతలు చాలు. ఒకటి కాలికి, ఒకటి పెట్టెలో.

నాలుగు గంటలు, అంతకంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన చెబుతోంది. మామూలుగా ఆ ముప్పు చాలా తక్కువే కాబట్టి భయపడనక్కర్లేదు. అయినా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చునే మడమలు, వేళ్లు ఆడించాలి. నడవలో ఉండే సీటు అడిగి తీసుకుంటే లేవడానికి మొహమాటం ఉండదు. కాళ్లలో సిరలు ఉబ్బినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు మోకాళ్ల దాకా వచ్చే బిగుతు సాక్సు వేసుకోవాలా అన్నది డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి.

బాత్‌రూముకు వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు మానేసే అలవాటు కూడా మంచిది కాదు. విమానం లోపలి గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువే ఉంటుంది. పెదాలు, చర్మం, కళ్లు ఎండిపోతాయి. ఒక చిన్న కొబ్బరినూనె సీసా, పెదాలకు రాసుకునే వ్యాజలిన్ డబ్బా చేతిసంచిలో ఉంచుకోండి.

చేతిసంచిలో ఇల్లు

పెద్ద పెట్టె రాకపోయినా రెండు రోజులు గడిచిపోవాలి. చేతిసంచి సర్దడానికి అదే కొలబద్ద. మందులన్నీ ఇందులోనే ఉండాలి. మాత్రలు విడిగా డబ్బాల్లో పోసుకోకుండా పేరు కనిపించే స్ట్రిప్పులతోనే ఉంచండి. డాక్టరు చీటీ వెంట ఉండాలి, మందు అసలు పేరు అందులో రాయించుకోండి. అమెరికాకు సొంత వాడకం కోసమైతే మామూలుగా 90 రోజులకు సరిపడా మందులు తీసుకెళ్లొచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని పెద్ద పెట్టెలో పెట్టకూడదు. సామాను ఉంచేచోట చలికి గడ్డకడితే మందు పాడవుతుంది.

రెండో జత కళ్లద్దాలు, కట్టుడు పళ్ల డబ్బా, వినికిడి యంత్రం బ్యాటరీలు, ఒక బ్లౌజు, లంగా, తేలిక చీర లేదా కుర్తా జత, లోదుస్తులు, శాలువా, చిన్న టవలు, దువ్వెన, బొట్టుబిళ్లల అట్ట. ఫోను చార్జరు, పవర్‌బ్యాంకు కూడా ఇందులోనే. పవర్‌బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. ద్రవాలు, పేస్టులు ఏవైనా ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. పచ్చడీ, నెయ్యీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. చేతిసంచిలోంచి ఆవకాయ సీసా తీసి పక్కన పెట్టేస్తుంటే కన్నీళ్లు పెట్టుకునేకన్నా ముందే పెద్ద పెట్టెలోకి మార్చడం మేలు.

మెడలోంచి అడ్డంగా వేసుకునే చిన్న జిప్పు సంచి ఇంకొకటి ఉండాలి. పాస్‌పోర్టు, టికెట్టు, పెన్ను, కొంచెం డబ్బు. పిల్లల చిరునామా, ఫోను నంబరు ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసిన కాగితం. ఫోను చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు. భాష రాదన్న భయం ఉంటే 'నేను తెలుగు మాట్లాడతాను, నాకు సాయం కావాలి' అని ఇంగ్లిషులో రాయించిన చీటీ ఒకటి పెట్టుకోండి. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు తనిఖీలో యంత్రం కూత పెడితే కంగారు పడొద్దు. డాక్టరు చీటీ చూపించి, ముందే చెప్పేస్తే మహిళా సిబ్బంది చేత్తో తనిఖీ చేసి పంపిస్తారు. చక్రాల కుర్చీ కావాలంటే కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు తెలియజేయాలి. అది అడగడం నామోషీ కాదు.

సర్దడానికో వరుస

చక్రాల వైపు బరువైనవి. చెప్పులు, పొడుల డబ్బాలు అక్కడ. చెప్పుల లోపల ఖాళీ ఎందుకు, సాక్సు చుట్టి పెట్టండి. క్రేప్, జార్జెట్, కుర్తాలు చాపలా చుడితే చోటు కలిసొస్తుంది, మడత గీతలు పడవు. పట్టుచీరను చుట్టొద్దు. తెల్లటి నూలు పంచెలో మడతపెట్టి అన్నింటికీ పైన పెట్టండి. చీర, బ్లౌజు, లంగా ఒక్కో జతగా ఒక్కో సంచిలో పెడితే తెల్లవారుజామున పెట్టె అంతా తిరగేయాల్సిన పని ఉండదు. పచ్చడి సీసాల మూతకి పాలిథిన్ కాగితం బిగించి, టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి పెట్టాలి. వాటి పక్కన మీ చీరలు పెట్టొద్దు!

కొన్నింటిని అసలు పెట్టనే వద్దు. ఎండుకొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ, నిప్పు భయం ఉందని విమానాల్లో ఒప్పుకోరు. పచ్చి కరివేపాకు, తాజా పండ్లు, మాంసం పచ్చళ్లు అమెరికాలో దిగగానే తీసేసుకుంటారు. తినే వస్తువులేమున్నా అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పాలి. దాచిపెట్టి దొరికితే జరిమానా. యుఏఈ, సౌదీ వెళ్లేవాళ్లు గసగసాలు పొరపాటున కూడా తీసుకెళ్లొద్దు, అక్కడ వాటిపై నిషేధం ఉంది. మన మిక్సీ, కరెంటుతో వేడయ్యే కాపడం సంచి 230 వోల్టులవి. అమెరికాలో ఉండేది 120 వోల్టులే కాబట్టి మోసుకెళ్లినా పనిచేయవు. కాపడానికి రబ్బరు వేడినీళ్ల సంచి చాలు.

కాశీకా? కేదార్‌నాథ్‌కా?

రైల్లో సెకండ్ ఏసీకి 50 కిలోలు, థర్డ్ ఏసీకి, స్లీపర్‌కు 40 కిలోల దాకా సామాను ఉచితం. అంత తీసుకెళ్లమని కాదు! బెర్తు కిందికి దూరే ఒక పెట్టె, ఒక చేతిసంచి చాలు. 45 దాటిన మహిళలకు కింది బెర్తు కోటా ఉంది. టికెట్ తీసుకునేటప్పుడే వయసు సరిగ్గా రాయించుకోవాలి.

కాశీలో డిసెంబరు, జనవరిల్లో చలి బాగా ఉంటుంది. గంగాస్నానానికి త్వరగా ఆరే చీర, తడిబట్టలకు రెండు ప్లాస్టిక్ కవర్లు, ఘాట్ల మెట్ల మీద జారని రబ్బరు చెప్పులు ముఖ్యం. కాశీకి వెళ్తే ఇష్టమైనదేదో వదిలిరావాలంటారు. అనవసరమైన సామాను మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లాలి.

కేదార్‌నాథ్ సముద్రమట్టానికి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ నుంచి దాదాపు 16 కిలోమీటర్ల కొండదారి. అక్కడ ఎండ, వాన, చలి ఒక్కరోజులోనే చూడొచ్చు. గుర్రం ఎక్కేవాళ్లకు చుడీదారే సౌకర్యం. గొడుగు కంటే రెయిన్‌కోటు మంచిది, చేతులు ఖాళీగా ఉంటాయి. చేతికర్ర, ఉన్ని టోపీ, చేతితొడుగులు, పట్టున్న బూట్లు, రెండు జతల పొడి సాక్సు. పెద్ద పెట్టె కింద బసలోనే ఉంచి, రెండు రోజులకు కావలసింది మాత్రం భుజానికి తగిలించుకునే సంచిలో తీసుకెళ్లాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు డాక్టరు ఒప్పుకుంటేనే బయల్దేరాలి.

పిల్లలకో మాట

అమ్మ ప్రయాణం ఖాయం కాగానే మీరు పంపే జాబితాలో ఏముంటోంది? గోంగూర పచ్చడి, వడియాలు, పూజ సామాను, ఫలానా కొట్టులో డ్రెస్ మెటీరియల్. ఈసారి ఆ జాబితా పైన ముందు ఇవి రాయండి... 'నీ చెప్పుల సైజెంత? కోటు ఇక్కడ కొనాలా, అక్కణ్నుంచి తెస్తావా? నువ్వు చూడాలనుకున్నవేంటి?' అమ్మ వచ్చే నెలలో అక్కడ ఎంత చలి ఉంటుందో చెప్పండి. వీలైతే ఆమె దిగేసరికి ఒక కోటు, ఒక జత బూట్లు సిద్ధంగా ఉంచండి. మీ జాబితాలోంచి రెండు కిలోలు మీరే తగ్గించండి. వద్దని అమ్మ తనంతట తాను అనదు. ఆ మాట మీరే అనాలి.

అమ్మలూ... తిరుగు ప్రయాణంలోనూ ఇదే లెక్క. షాంపూలు, చాక్లెట్లు, బంధువులందరికీ తలా ఒకటి అని పెట్టె నింపేటప్పుడు, మీకోసం మీరు కొనుక్కున్న వస్తువు ఒక్కటైనా అందులో ఉండేలా చూసుకోండి.